సత్తియ్య పోయిన రోజు

మా ఇంటి హాల్లో గోడకి ఏడు ఇనుప టోపీలు వేలాడుతుంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద పనిచేసిన నావికులు నెత్తిన పెట్టుకున్నవి. బోర్లించిన బేసిన్‌లా ఉంటాయి, వెడల్పాటి అంచు, బూడిద రంగు. ఆ గోడకి ఒకప్పుడు దేవుడి పటాలుండేవి. వాటిని వంటింట్లోకి జరిపింది నేనే. ఆ విషయంలో మా ఆవిడ పాపాయి నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

"రిటైరైనవాళ్ళు గోదావరి గట్టు మీద నడుస్తారు, లేకపోతే భజనకెళ్తారు. మీరేంటండి, పాత ఇనుము కొట్ల చుట్టూ తిరుగుతారు!" అంటుంది. వాటిని టోపీలనదు, బొచ్చెలంటుంది. చుట్టాలొస్తే, "మా ఆయన బొచ్చెలు చూశారా?" అని పరువు తీస్తుంది.

నాకు ఒళ్ళు మండేది. నేను తిరిగేది ఇనుము కోసం కాదు, మనిషి కోసం. ప్రతి టోపీ లోపలా ఒక తోలు పట్టీ ఉంటుంది. ఒకరి టోపీ ఇంకొకరితో మారిపోకుండా ఆ పట్టీ కింద నావికుడు తన నంబరు వేసుకునేవాడు. ఒకడు రంగుతో రాసేవాడు, ఒకడు మేకుతో గీకేవాడు. ఆ నంబరు పట్టుకుని నేను ఢిల్లీకీ ముంబయికీ లండన్‌కీ ఉత్తరాలు రాస్తాను, మెయిళ్ళు పెడతాను. ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. చివరికి ఒక మనిషి బయటికొస్తాడు. విశాఖలో మేస్త్రీ సున్నం తోడుకుంటున్న టోపీ ఒక రత్నగిరి కుర్రాడిది, జ్వరమొచ్చి ఓడలోనే పోయాడు. కాకినాడలో కోళ్ళు నీళ్ళు తాగుతున్న టోపీ చిట్టగాంగ్ వాడిది, యుద్ధం నుంచి బతికొచ్చి దర్జీ పని చేసుకున్నాడు. ఏడుగురికీ ఏడు ఫైళ్ళు. పేరు తేలని టోపీ మా గోడ ఎక్కదు. ఈ పట్టుదలకి నన్ను చూసి నేనే ముచ్చటపడేవాణ్ణి. ఇప్పుడా మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఉద్యోగం పోస్టాఫీసులో చేశాను, ముప్ఫై ఆరేళ్ళు. రాజమండ్రిలో రిటైరయ్యాను గానీ మధ్యలో నాలుగేళ్ళు మొగల్తూరులో పోస్టుమాస్టరుగా ఉన్నాను. అక్కడ నాతో పనిచేసిన పోస్ట్‌మాన్ బుల్లియ్య కిందటేడాది మే నెలలో ఫోన్ చేశాడు.

"దొరబాబు గారూ, మీ సామానొకటి కనపడిందండి. సముద్రం ఒడ్డున మా పల్లెపాలెంలో మరిడమ్మని ఒక ముసలావిడుంది. వాళ్ళింట్లో ఉందండి, ఇనుప టోపీ. కాకపోతే అమ్మదు. అడిగి చూడకండి, తిడద్ది."

మర్నాడే నరసాపురం బస్సెక్కాను.

మరిడమ్మకి ఎనభై రెండేళ్ళు. సన్నగా, నల్లగా, చెవులకి బరువైన కమ్మలతో, అరుగు మీద కూర్చుని రొయ్యల తలలు తీస్తోంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు. మనవడు దుర్గాసాయికి బోటుంది. మనవరాలు రమ్యశ్రీ గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఇల్లు స్లాబు ఇల్లే. లోపలి గదిలో మూలగా పీట, పీట మీద టోపీ. దాని ఒళ్ళంతా పసుపు, ముందువైపు రూపాయంత బొట్టు. పక్కన ఒక లంక పొగాకు చుట్ట.

"మా నాన్నండి. సత్తియ్య," అంది మరిడమ్మ, మనిషిని పరిచయం చేసినట్టు.

సత్తియ్య నేవీలో చేరేనాటికి ఆవిడ ఇంకా పుట్టలేదు. ఆవిడకి రెండేళ్ళప్పుడు టెలిగ్రాం వచ్చింది. చదివిపెట్టినవాడు, మీ మనిషి సముద్రంలో పోయాడమ్మా అన్నాడు. పోయి ఎన్నాళ్ళయిందో చెప్పాడో లేదో, ఎవరి బుర్రకీ ఎక్కలేదు. కొన్నాళ్ళకి ఓడలో తోటివాడొకడు వచ్చి సంచిలోంచి ఈ టోపీ తీసి ఇచ్చి వెళ్ళాడు. నిజానికిది సర్కారు సొత్తు, ఇంటికి రాకూడదు. ఆ మహానుభావుడు ఎలా దాచాడో గానీ దాచి తెచ్చాడు. తర్వాత తుపానులో తాటాకిల్లు కొట్టుకుపోయింది, టెలిగ్రాం దాంతో పోయింది. టోపీ ఇసకలో కూరుకుని దొరికింది.

"శవం లేదు కదండి. మా అమ్మ దీని ముందే కూకుని గాజులు తీయించుకుంది. కబురొచ్చిన రోజు తెలుసు గానీ ఆయన పోయిన రోజు మాకు తెలీదండి. రోజు తెలీనోళ్ళకి పెద్దల అమావాస్యే కదా గతి. ఎనభయ్యేళ్ళనుంచీ ఊరందరి పెద్దల్తో కలిపి ఆయనకీ ఒక ఆకేత్తన్నాం. ఆయనకంటూ ఒక రోజు లేదు."

రొయ్య తల తుంచి బుట్టలో వేసి నా వైపు చూసింది.

"మీరు నంబర్లు చూసి చెప్తారంటగా? బుల్లియ్య చెప్పాడు. మా నాన్న పోయిన రోజు చెప్పండి మేస్టారూ. ఆయన రోజున ఆయనొక్కడికే ఆకేసి, ఒక్కసారి తద్దినం పెట్టి పోతాను. నాకింకేం కోరికల్లేవండి."

తప్పకుండా చెబుతానన్నాను. మనసులో మాత్రం ఆ టోపీయే తిరుగుతోంది. ఏడు టోపీల్లో ఒక్కటీ తెలుగువాడిది కాదు. ఇది మన జిల్లా వాడిది.

పట్టీ బిగించిన మర తుప్పుతో బిగుసుకుపోయింది. అక్కడికక్కడ తిప్పితే లోపలి రంగు రాలిపోతుంది, నూనె వేసి నాలుగు రోజులు నానబెట్టాలి. ఇంటికి తీసుకెళ్ళాలమ్మా అన్నాను. దుర్గాసాయికి ఇష్టం లేదు. మరిడమ్మే, "తీసుకెళ్ళండి బాబూ. కాగితం వచ్చిందాకా మీ దగ్గరే ఉంచండి, మళ్ళీ చూడాల్సొత్తాదేమో," అని, తుండుగుడ్డలో మూట కట్టి ఇచ్చింది. ఇస్తూ ఇంకో మాట కూడా అంది.

"రోజు తెలిత్తే ఆ రోజు చేసేసి, దీన్ని సంద్రంలో కలిపేత్తామండి. మా నాన్న బొమికలు మాకు దొరకలేదు. ఇదే ఆయన బొమిక. ఎన్నాళ్ళని ఇంట్లో ఉంచుతాం?"

బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని, తుండుగుడ్డ ముడి ఇంకోసారి బిగించాను. ఇలాంటిదాన్ని సముద్రంలో పారేస్తారా? అంత దూరం ఎందుకులే, ముందు నంబరు తేలనీ అని సర్దిచెప్పుకున్నాను.

అయిదో రోజున మర కదిలింది. పట్టీ ఎత్తి ఎండలో పెట్టి చూస్తే తెల్లరంగుతో నంబరు, తప్పు లేకుండా, ముత్యాల్లాంటి అంకెలు. పసుపు ఒక్క రవ్వ చెదరకుండా పని ముగించాను. ఫొటో తీసి, నాకు ఇలాంటి పనుల్లో సాయం చేసే ఇంగ్లండు పెద్దాయనకి పంపాను.

ఆగస్టు తొమ్మిదో తారీకు పొద్దున్నే జవాబొచ్చింది. పాత రిజిస్టరులో పేజీ ఫొటో కూడా పంపాడాయన. సత్తియ్య, మొగల్తూరు, వయసు ఇరవై నాలుగు, భార్య ఉంది. శత్రువులు సముద్రంలో వదిలిన బాంబుల్ని ఏరే చిన్న ఓడలో పని. 1944 నవంబరు 5న, బర్మా వైపు అరకాన్ తీరంలో, పెద్ద అల డెక్ మీదనుంచి ఇద్దర్ని ఈడ్చుకుపోయింది. అందులో ఒకడు ఇతను.

"పాపాయ్! దొరికాడు!" అని అరిచాను.

పాపాయి చేతికున్న పిండి దులుపుకుంటూ వచ్చింది. విషయం విని, నా టోపీల గురించి జన్మలో మొదటిసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ముందు ఆవిడకి ఫోన్ చెయ్యండి," అంది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. టోపీ ఎదురుగా బల్ల మీదే ఉంది. ఇప్పుడు దానికి పేరుంది, ఊరుంది, వయసుంది. అంతా సమకూరింది. ఫోన్ చేస్తే మరిడమ్మ పంచమో షష్ఠో కనుక్కుని, ఆ రోజున తద్దినం పెట్టి, దాన్ని తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తుంది. ఫోన్ కింద పెట్టాను.

"తిథి చూడకుండా ఏం చెబుతాను? తారీకు వాళ్ళకెందుకు? సిద్ధాంతిగారిని అడిగొస్తాను," అన్నాను.

సిద్ధాంతిగారిల్లు మా వీధి చివరే. 1944 నాటి తారణ నామ సంవత్సరం పంచాంగం ఆయన అటక మీదే ఉంది. కార్తీక బహుళ పంచమి అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది ఆయనకి, అందులో అయిదు నిమిషాలు కళ్ళజోడు వెతుక్కోడానికే. ఇంటికొచ్చాక ఇంకో సాకు వెతుక్కోవలసి వచ్చింది.

అది ఫోన్లోనే వచ్చింది. నేవీలో ఆఫీసరుగా చేసి రిటైరైన ఉదయ్‌కుమార్ గారని విశాఖలో నాకు పరిచయం. డిసెంబరు నాలుగున ఒక ప్రదర్శన పెడుతున్నామని, నా టోపీలు తెమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. సత్తియ్య సంగతి చెప్పగానే ఆయన ఎగిరి గంతేశారు. "మన తెలుగువాడిదా! అయితే అదే హాలు మధ్యలో పెడదామండి. మీరు పక్కన నిలబడి ఆయన కథ చెప్పాలి."

డిసెంబరు నాలుగు దాటాక చెబుదాం అనుకున్నాను. ఎనభయ్యేళ్ళు ఆగినవాళ్ళకి నాలుగు నెలలు ఓ లెక్కా? ఆవిడ రొయ్యల బుట్ట నెత్తినెత్తుకుని నడిచే మనిషి, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. పై ఏడాది కార్తీకంలో పెట్టుకుంటారు. ఈలోగా ఆవిడ మనసు మార్చి, సముద్రంలో వెయ్యొద్దని ఒప్పించొచ్చు. ఇలా నాకు నేను చెప్పుకున్న మాటలన్నీ ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఒక్కటి కూడా అబద్ధంలా అనిపించలేదు అప్పుడు.

పాపాయి మాత్రం ఒప్పుకోలేదు. "అది ఆవిడ కాగితం. మీది కాదు," అంది. నేను కసురుకున్నాను. నెలరోజులపాటు మా ఇంట్లో ఆ మాట రాకుండా ఇద్దరం జాగ్రత్తగా తిరిగాం.

వారానికోసారి దుర్గాసాయి ఫోన్ నుంచి మరిడమ్మ మాట్లాడేది. స్పీకర్లో పెడితే వెనక సముద్రం హోరు వినపడేది.

"ఏవన్నా వచ్చిందాండి బాబూ?"

"ఇంకా లేదమ్మా. ఇంగ్లండులో ఆఫీసులు నెమ్మదండి."

"ఆయ్. మిమ్మల్ని ఇబ్బంది పెడతన్నాను."

అక్టోబరు రెండున పెద్దల అమావాస్య వచ్చింది. ఆ ఒక్క రోజుకీ టోపీ తెమ్మని అడిగింది. తీసుకెళ్ళాను. బయల్దేరే ముందు, ఎందుకో, ఇంగ్లండు నుంచొచ్చిన మెయిలు కాగితం మీద ప్రింటు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. దారిపొడుగునా చెప్పేద్దామనే అనుకున్నాను. ఇది నిజం.

గాంధీ జయంతి సెలవు కాబట్టి రమ్యశ్రీ ఇంట్లోనే ఉంది. టోపీని పీట మీద పెట్టి మరిడమ్మ కొత్త పసుపు రాసింది, బొట్టు పెట్టింది. దుర్గాసాయి సాంబ్రాణి వేశాడు. అరిటాకులో అన్నం, పండుగొప్ప చేప పులుసు, గోంగూర రొయ్యలు, గారెలు వడ్డించి, పక్కన చుట్ట పెట్టారు. ఆయనకి చుట్ట అంటే ప్రాణమని మరిడమ్మకి వాళ్ళమ్మ చెప్పేదట. అది తప్ప తండ్రి గురించి ఆవిడకి తెలిసింది దాదాపు లేదు.

దండం పెట్టుకుని లేచి నన్నడిగింది, "ఇంకా రాలేదాండి?"

నా చెయ్యి జేబు మీదే ఉంది. "రాలేదమ్మా," అన్నాను.

"వత్తాదిలెండి. ఇన్నాళ్ళు ఆగాం." అని నాకూ ఆకు వేయించింది.

పెద్దలకి పెట్టిన అన్నం నేను తిన్నాను. పులుసు చాలా బావుంది, రెండోసారి వేయించుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, మీ ఇంట్లో ఉన్న టోపీలు ఎవరివండీ అనడిగింది మరిడమ్మ. ఆ ప్రశ్న కోసం నేను పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. రత్నగిరి కుర్రాడి గురించి చెప్పాను, చిట్టగాంగ్ దర్జీ గురించి చెప్పాను, ఏడుగురి గురించీ చెప్పాను. పక్కిళ్ళ ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. జ్వరంతో పోయినవాడి దగ్గరికొచ్చేసరికి ఒకామె ముక్కు చీదింది. చెబుతున్నంతసేపూ సత్తియ్య టోపీ నా ఒళ్ళోనే ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలీదు. మరిడమ్మ నా మొహం చూడ్డం లేదు, టోపీ అంచు మీద తిరుగుతున్న నా చేతినే చూస్తోంది.

వచ్చేటప్పుడు మళ్ళీ తుండుగుడ్డలో కట్టి ఇచ్చింది. జేబులో కాగితం జేబులోనే ఇంటికొచ్చింది.

నవంబరు ఇరవై బుధవారం. గోడకున్న క్యాలెండరులో చిన్న అక్షరాలతో కార్తీక బహుళ పంచమి అని ఉంది. దాని వైపు చూడకుండా తిరుగుతున్నాను. పదకొండు గంటలకి ఫోన్ మోగింది. దుర్గాసాయి నంబరు.

"ఏం లేదండి మేస్టారూ," అంది మరిడమ్మ. "మీ ఒంట్లో బావుందా అని చేశాను. అక్కడ చలి మొదలెట్టిందంటగా."

కాగితం గురించి అసలు అడగలేదు. బాగానే ఉన్నానన్నాను. ఆవిడ వెనక సముద్రం వినిపించింది. తండ్రి పోయిన రోజున, అది ఆ రోజని తెలియకుండా, నా ఆరోగ్యం అడుగుతోంది. నోటిదాకా వచ్చింది. అప్పటికప్పుడు చెప్పినా ఒక ఆకు వేసి అన్నం పెట్టుకునేది, పొద్దు ఇంకా చాలా ఉంది. ఇంకో రెండు వారాలే కదా అనుకున్నాను. "జాగ్రత్త అమ్మా," అని పెట్టేశాను.

పాపాయి వంటింటి గుమ్మంలో నిలబడి వింది. క్యాలెండరు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ముప్ఫై ఆరేళ్ళలో ఒక్కళ్ళ ఉత్తరం కూడా ఒక్కపూట ఆపలేదని మీ రిటైర్మెంట్ నాడు మైకులో చెప్పారు," అంది. "నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను."

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

శనివారం బుల్లియ్య ఫోన్ చేశాడు. మధ్యాహ్నం అరుగు మీద రొయ్యలు ఒలుస్తూ ఒలుస్తూ మరిడమ్మ పక్కకి ఒరిగిపోయిందట. మంచినీళ్ళు తెచ్చేలోగా అయిపోయిందట. "మంచి చావండి. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు," అన్నాడు.

వెళ్ళి ఆవిణ్ణి చూసే ధైర్యం నాకు లేకపోయింది. జ్వరమని చెప్పించాను. ఆ పదిరోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. హాల్లో కూర్చుంటే ఏడు టోపీలూ కనపడేవి. పడగ్గదిలో కూర్చుంటే బల్ల మీద ఎనిమిదోది కనపడేది. విశాఖ ఉదయ్‌కుమార్ గారికి రాలేనని చెప్పేశాను, ఆయన కోపగించుకున్నారు. పాపాయి కంచం పెట్టి వెళ్ళిపోయేది. తిడితే బావుండేది.

డిసెంబరు మూడున, పదకొండో రోజు కార్యానికి వెళ్ళాను. టోపీ తీసుకెళ్ళాను, కాగితం తీసుకెళ్ళాను. ఇచ్చేసి, నేను చేసింది చేసినట్టు చెప్పి, వాళ్ళు ఏం అన్నా పడదామనుకున్నాను. కొడతారేమో అనుకున్నాను. కొట్టాలనే నా కోరిక.

వాకిట్లో షామియానా వేశారు. దుర్గాసాయి గుండు చేయించుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి ఎదురొచ్చాడు, కుర్చీ తెప్పించాడు. తుండుగుడ్డ విప్పి టోపీ అతని చేతుల్లో పెట్టాను. "రోజు తెలిసింది బాబూ. కార్తీక బహుళ పంచమి. మీ ఆచారం ప్రకారం చేసి, దీన్ని సముద్రంలో కలిపెయ్యండి," అన్నాను.

అతను టోపీని రెండు చేతుల్తో అందుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత దాన్ని తిరిగి నా ఒళ్ళోనే పెట్టాడు.

"కలపం అండి. మామ్మ వద్దంది. అమావాస్య నాడు మీరెళ్ళాక నన్ను కూకోబెట్టి చెప్పింది. రోజు తెలిశాక తద్దినం పెట్టుకుందాం గానీ టోపీ సంద్రంలో వెయ్యొద్దురా, మేస్టారికిచ్చెయ్యి అంది. ఆయన దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడ్రా, అక్కడుంటే మా నాన్న పేరు నలుగురికీ చెప్తాడు, ఇక్కడుంటే ఎవరికి తెలుత్తాదిరా అంది. మీకు ముందే చెప్దామంటే, వద్దు, ఆశ పెట్టినట్టుంటాది, కాగితం వచ్చాకే చెప్దాం అంది. ఆ కబురు తన నోటితో మీకు చెప్పాలని మహా సరదా పడిందండి."

దేని కోసమైతే ఆవిణ్ణి ఆపానో, అది ఆవిడ అక్టోబరు రెండునే నాకు ఇచ్చేసింది. ఆ రోజు జేబులోంచి కాగితం తీసి ఉంటే అప్పుడే నా చేతిలో పెట్టేది. పంచమి నాడు తండ్రికి ఆకు వేసుకునేది. మూడు రోజుల తర్వాత ఎలాగూ పోయేదే, కానీ అన్నం పెట్టుకుని పోయేది.

రమ్యశ్రీ కాగితం తీసుకుంది. సచివాలయంలో పనిచేసే పిల్ల, ఏ కాగితమైనా ముందు పైన తారీకు చూడ్డం ఆ ఉద్యోగంలో అలవాటు. విషయం ఇంకా చదవలేదు. పైన ఉన్న వరస దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోయాయి.

"ఆగస్టు తొమ్మిది," అని మెల్లగా చదివింది. తలెత్తి నన్ను చూసింది. చూపులో కోపం లేదు, లెక్క తేలనప్పుడు ఉండే తికమక ఉంది. చుట్టూ చుట్టాలు వింటున్నారు. దుర్గాసాయి ఆమె భుజం మీదనుంచి కాగితంలోకి తొంగి చూస్తున్నాడు.

ఇదే నేను చెప్పాల్సిన చోటు. దాని కోసమే వచ్చాను. ఆగస్టులోనే వచ్చిందమ్మా, మీ మామ్మకి చెప్పకుండా దాచాను, అంతే. చిన్న మాట.

నేను నోరు తెరిచేలోగా ఆమే తేల్చేసుకుంది. "తిథి చూడాలి కదండి. అంత పాత పంచాంగం ఎక్కడ దొరుకుద్ది, మీరు ఎన్ని ఊళ్ళు తిరిగారో," అంది.

"అవునమ్మా," అన్నాను. "మొన్నటిదాకా దొరకలేదు."

రమ్యశ్రీ కాగితం మడిచి కళ్ళకద్దుకుంది. చెంగుతో మొహం తుడుచుకుని, అందరూ చూస్తుండగా వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. ఆమె వెనకే దుర్గాసాయి పెట్టాడు. నేను ఆపలేదు.